పీచయ్య అల్లిన పరదా

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో చాలాకాలం ఎవరికీ ఏదీ సొంతం కాదు. కాయలూ గింజలూ అన్నీ ఒకే ఉమ్మడి గాదెలో చేరేవి. ఆ గాదెకు పెద్దగా ఒక ఎలుగుబంటి ఉండేవాడు. పుల్ల విరవాలన్నా ఆయన పంజా ముద్ర ఉండాల్సిందే. అందుకని పొద్దున్నే అందరూ ఆయన గుహ ముందు వరస కట్టేవాళ్ళు, పాపం!

ఒక వానాకాలంలో ఆ గాదె కూలిపోయింది. అప్పుడు జంతువులన్నీ కూర్చుని కొత్త కట్టుబాటు రాసుకున్నాయి. తాబేలవ్వ దాన్ని పెద్ద రాతి మీద చెక్కింది. "ఎవరి పని వాళ్ళు చేసుకోవచ్చు. ఒకరి చెట్టు ఇంకొకరు లాక్కోకూడదు. ఎలుగుబంటికైనా ఇదే కట్టుబాటు."

ఏం లాభం? అలవాటు అంత తొందరగా పోతుందా? మర్నాడు పొద్దున్నే అందరూ మళ్ళీ గుహ ముందే నిలబడ్డారు. "ముద్ర అక్కర్లేదర్రా!" అని తాబేలవ్వ మొత్తుకున్నా వినేవాళ్ళేరీ!

ఆ వరసలో పీచయ్య అనే గిజిగాడు కూడా ఉన్నాడు. ఈతచెట్టు మీద కాపురం. అడిగినవాళ్ళకు గూళ్ళు అల్లి ఇస్తాడు. ఎంత గాలివాన వచ్చినా ఆయన గూడు చెక్కుచెదరదు.

ఎలుగుబంటి ఆయన్ని పక్కకు పిలిచాడు. "ఒరే పీచయ్యా, ఇకనుంచి ఈ అడవిలో నువ్వొక్కడివే గూళ్ళు అల్లు. పక్క చెట్టు గిజిగాడు ఈరన్నని నేను మాన్పిస్తాలే. నువ్వు మాత్రం ఆ రాతికి గడ్డితో ఒక పరదా అల్లిపెట్టు. ఎండకి అక్షరాలు పాడవుతున్నాయి."

ఆ పరదా రాతని దాచడానికేనని పీచయ్యకు అర్థం కాలేదా? అయింది! కానీ ఈరన్న లేకపోతే గిరాకీ అంతా తనదే కదా! మూడు రోజులు కూర్చుని, గాలి కూడా దూరనంత బిగువుగా అల్లాడు.

"నీ ముక్కుతో నీ నోరే కుట్టేసుకుంటున్నావురా," అంది తాబేలవ్వ.

"పోవే అవ్వా, నీకన్నీ అనుమానాలే!" అన్నాడు పీచయ్య.

ఎలుగుబంటి తరిమేస్తే ఈరన్న పెళ్ళాం పిల్లలతో చెట్టు వదిలి వెళ్ళిపోతుంటే, పీచయ్య అటు చూడనట్టు తల తిప్పుకున్నాడు.

తర్వాత ఎలుగుబంటి గుహలోకి చాప అడిగాడు. పీచయ్య అల్లాడు. మేనల్లుడికి ఊయల అడిగాడు. అదీ అల్లాడు. మూడోసారి ఏమీ అడగలేదు. కాకిని వెంటబెట్టుకొచ్చాడు.

"ఈ చెట్టు ఇక కాకిది. పొద్దు గుంకేలోగా ఖాళీ చెయ్."

"అయ్యా! గూట్లో పిల్లలున్నారు. రెక్కలు కూడా రాలేదు! కాకికి అల్లడం కూడా రాదు కదయ్యా!"

"నా ముద్ర ఉంది. ఇంకేం కావాలి?"

పీచయ్య రాతి దగ్గరికి రివ్వున ఎగిరాడు. పరదాని పీకాడు, కొరికాడు. ఒక్క పోగు ఊడితే ఒట్టు! "నా పనితనం మండిపోనూ!" అని బావురుమన్నాడు.

అప్పుడు వెనక రెక్కల చప్పుడైంది. ఈరన్న!

"ఆ కొస నుంచి నువ్వు విప్పు, ఈ కొస నుంచి నేను విప్పుతా."

"నేను నీకు అంత అన్యాయం చేస్తే, నాకు సాయం చేస్తావా తమ్ముడూ?"

"నీ కోసం కాదులే. ఆ అక్షరాలు నాకూ కావాలి."

గుహ ముందు వరసలో ఉన్నవాళ్ళు అది చూశారు. ఉడుత వచ్చింది, కుందేలు వచ్చింది, చివరికి వరసంతా వచ్చేసింది. పొద్దు గుంకకముందే పరదా కింద పడింది.

ఎలుగుబంటి ఉరుముతూ వచ్చాడు. "ఎవడ్రా దీన్ని విప్పింది?"

పీచయ్య ముందుకొచ్చాడు. "నేనేనయ్యా. అల్లిన తప్పూ నాదే. మూడో మాట చదవండి."

అందరూ ఒక్క గొంతుతో చదివారు. "ఎలుగుబంటికైనా ఇదే కట్టుబాటు!"

ఎలుగుబంటి అందరి మొహాలూ చూశాడు. ఒక్కరూ తల దించలేదు. ఆయన గొణుక్కుంటూ వెనక్కి తిరిగాడు. కాకి అప్పటికే ఎగిరిపోయింది.

మర్నాడు గుహ ముందు ఒక్కరూ వరస కట్టలేదు. పీచయ్య పొద్దున్నే పక్క చెట్టెక్కి, విప్పిన ఆ గడ్డితోనే ఈరన్నకు గూడు అల్లుతూ కూర్చున్నాడు.

నీతి: పక్కవాడిని కాపాడే కట్టుబాటే మనల్నీ కాపాడుతుంది. మన లాభం కోసం దాన్ని కప్పేస్తే, రేపు మనకు ఆపద వచ్చినప్పుడు అది మనకూ కనబడదు.