చెంగమ్మ తలకిందుల వడ్డన

రాజుగారి సత్రంలో చెంగమ్మ వడ్డిస్తే చాలు, అతిథులు ఇంకో ముద్ద అడిగి మరీ తినేవారు. ఆ పనిలోనే ఆమె తల పండింది. తీరా వడ్డించేవాళ్ళందరి మీదా ఉండే ‘వడ్డన పెద్ద’ పదవి ఖాళీ అయితే, సత్రం అధికారి భైరవయ్య దాన్ని గరిటె పట్టడం రాని తన బావమరిదికి కట్టబెట్టాడు.

“ఇదేం న్యాయమండీ?” అంది చెంగమ్మ.

“నీలా వడ్డించేవాళ్ళు లేరే! నిన్ను పైకి పంపితే ఇక్కడ పనెవరు చేస్తారు? వాడికేమీ రాదు కాబట్టే పైన కూర్చోబెట్టాను.”

మర్నాడు రాజుగారే భోజనానికొచ్చారు. చెంగమ్మ విస్తరి తిరగేసి వేసింది. ముందు మజ్జిగ పోసి, దానిమీద పాయసం వడ్డించి, పప్పు తెచ్చి మంచినీళ్ళ చెంబులో వేసింది.

రాజుగారు నిర్ఘాంతపోయారు. “ఏమైంది చెంగమ్మా నీకు?”

“పదవి కోసం పాటుపడుతున్నాను ప్రభూ! ఇక్కడ పనొస్తే కిందే ఉంచుతారట, రాకపోతేనే పైకి పంపుతారట. భైరవయ్యగారే సెలవిచ్చారు.”

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వి, పక్కనే నిలబడ్డ అధికారివైపు చూశారు. “అయితే భైరవయ్యా, అందరికంటే పైనున్నది నువ్వే కదా! నీకు పని వచ్చా, రాదా?”

వచ్చంటే భైరవయ్య మాటే తప్పవుతుంది, రాదంటే పదవే పోతుంది.

రాజుగారు చెంగమ్మకేసి తిరిగారు. “వడ్డన పెద్దగారూ, ఇంకో విస్తరి వేయించండి. ఆకలి దంచేస్తోంది!”