వలలో పడ్డ బంతి

పన్నెండు రోజులుగా హైఫెంగ్‌కి సరిగ్గా నిద్ర లేదు. కళ్ళు మూస్తే చాలు, తడిసిన బంతి చేతుల్లోంచి జారి, కాళ్ళ సందున దూరి, మెల్లగా గోలు గీత దాటిపోయేది. ఎంత మెల్లగా అంటే, వెనక్కి తిరిగి పట్టేసుకోవచ్చు అనిపించేది. తిరిగేలోపే మెలకువ వచ్చేది.

అతను చైనాలో పేరున్న ఫుట్‌బాల్ గోల్‌కీపర్. ఊరు ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉన్న దాలియన్. వయసు ముప్పై మూడు. ఇరవయ్యో ఏట పెద్ద క్లబ్బులో చేరాడు గానీ మొదటి ఆరేళ్ళూ మైదానం పక్కన బెంచీ మీదే గడిచాయి. మిగతా ఆటగాళ్ళని మార్చినట్టు గోల్‌కీపర్ని ఊరికే మార్చరు. ముందున్నవాడి భుజం విరిగిన రోజున చోటు దొరికింది. దొరికిన చోటుని ఏడేళ్ళపాటు ఎవరికీ వదల్లేదు. ఒకసారి జాతీయ జట్టు నుంచి పిలుపు కూడా వచ్చింది. అక్కడా బెంచీ మీదే కూర్చుని తిరిగొచ్చాడు. అయినా అక్కడ ఇచ్చిన ఎర్ర చొక్కాని వాళ్ళమ్మ ఇస్త్రీ చేసి బీరువాలో దాచుకుంది.

ఈసారి సీజన్‌లో చివరి ఆట. ఓడకుండా ఉంటే చాలు, క్లబ్బు మొదటి శ్రేణిలో నిలుస్తుంది. ఓడితే కింది శ్రేణికి దిగిపోవాలి. ఆట అయిపోవడానికి పదకొండు నిమిషాల ముందు దాకా వీళ్ళే ఒక గోలు పైన ఉన్నారు. అప్పుడు వచ్చింది ఆ బంతి. నేర్చుకునేవాళ్ళు కూడా పట్టేసే బంతి. జారింది. స్కోరు సమానమైంది. కాసేపటికి ఇంకో గోలు పడింది. క్లబ్బు దిగిపోయింది.

దేశమంతా ఆ జారిన బంతినే మళ్ళీ మళ్ళీ చూసింది. దానికి నవ్వులూ పాటలూ జోడించి ఫోన్లలో పంపుకున్నారు. పదమూడేళ్ళ ఆటని ఒక పత్రిక ఒక్క వాక్యంలో తేల్చేసింది. హైఫెంగ్ ఇక ఆట మానేద్దామనుకున్నాడు. ఆ మాట క్లబ్బులో చెప్పే ముందు గురువుగారికి చెప్పాలని బయల్దేరాడు.

గురువు ఛియావో జెన్‌లిన్‌కి డెబ్భై ఆరేళ్ళు. ఒకప్పుడు ఓడల కార్ఖానా జట్టులో గోల్‌కీపర్. ఎడమచేతి వేళ్ళు రెండు విరిగి వంకరగా అతుక్కున్నాయి. కుడి మోకాలు వంగదు. హైఫెంగ్‌ని పన్నెండో ఏట చేరదీసి ఎనిమిదేళ్ళు తీర్చిదిద్దింది ఆయనే. పొగడడం ఎరగడు, తిట్టడమూ తక్కువే. రోజూ పొద్దున్నే కార్ఖానా వెనకున్న మట్టి మైదానానికి వెళ్ళి, గోలు ముందు పడ్డ గుంటలు పూడ్చి చదును చేస్తాడు. హైఫెంగ్ వెళ్ళేసరికి అక్కడే ఉన్నాడు. నవంబరు చలి. సముద్రం మీంచి గాలి కొడుతోంది.

హైఫెంగ్ తల వంచి నమస్కరించి అంతా చెప్పుకొచ్చాడు. వాన సంగతి, తడిసిన చేతితొడుగుల సంగతి, డిఫెండరు అడ్డం రావడం, జనం నవ్వడం, తను ఆట మానేయబోవడం. గురువు వింటూనే గుంటలు పూడుస్తున్నాడు.

చివరికి హైఫెంగ్ అడిగాడు. "ఇన్నేళ్ళలో వేల బంతులు ఆపాను గురువుగారూ. ఒక్కటి వదిలాను. నాకు మిగిలేది ఆ ఒక్కటేనా?"

గురువు చేతిలోని పార పక్కన పెట్టి, కోటు విప్పి మడిచి దాని మీద ఉంచాడు. సంచిలోంచి ఒక పాత బంతి తీసి హైఫెంగ్ వైపు దొర్లించాడు. తర్వాత కుంటుకుంటూ వెళ్ళి గీత మీద, రెండు స్తంభాలకీ సరిగ్గా నడుమ నిలబడ్డాడు.

"కొట్టు," అన్నాడు.

హైఫెంగ్ వద్దన్నాడు. ఆయన కదల్లేదు. సరే అని మెల్లగా తన్నితే, బంతి వెళ్ళి ఆయన పాదాల దగ్గర ఆగింది. ఆయన వెనక్కి నెట్టేశాడు.

"నన్ను చూసి కాదు. గోలు చూసి కొట్టు."

ఈసారి గట్టిగా కొట్టాడు. బంతి కుడి పక్కనుంచి దూసుకుపోయింది. ముసలాయన చేతులు చాచేసరికే అది వలలో ఉంది. ఆయన వెనక్కి తిరిగాడు. మోకాలు వంగదు కాబట్టి ఒక చేత్తో స్తంభం పట్టుకుని నడుం వంచి బంతి తీశాడు. మట్టిని పంట్లానికి తుడిచి, హైఫెంగ్ వైపు దొర్లించి, మళ్ళీ గీత మీదికొచ్చి చేతులు చాచాడు.

మళ్ళీ కొట్టాడు. మళ్ళీ పడింది. మళ్ళీ తీసిచ్చాడు.

పదో, పన్నెండో అయ్యాయి. ఒక్కటీ ఆపలేదు. ఒకటి మాత్రం వంకర వేళ్ళకి తగిలి, వాటిని నెట్టుకుని లోపలికి పోయింది. హైఫెంగ్ ఆయన ముఖమే చూస్తున్నాడు. విసుగు కోసం వెతికాడు, సిగ్గు కోసం వెతికాడు. బంతి తీసి గీత మీదికి వచ్చి నిలబడేసరికి, జరిగిపోయినదాని జాడ ఆ ముఖంలో ఎక్కడా ఉండేది కాదు. రాబోయే బంతి మీదే ఆ చూపంతా. కానీ ఊపిరి ఎగశ్వాసగా వస్తోంది. అంత చలిలోనూ మెడ మీద చెమట పట్టింది.

"ఇక చాలండి," అన్నాడు హైఫెంగ్.

"నిలబడే ఉన్నాను కదా."

హైఫెంగ్ ఇంకొకటి కొట్టాడు. అది వెళ్ళి వల మూలన పడింది. గురువు స్తంభం పట్టుకుని అటు తిరిగాడు. ఆ వీపు చూస్తూ ఉండగా హైఫెంగ్ నోటి వెంట, చెబుతానని తనే అనుకోని మాట వచ్చేసింది.

"రెండోది నాకు కనిపించింది గురువుగారూ."

ఆ రెండో గోలు గురించి ఇంతవరకూ అతన్నెవరూ అడగలేదు. మనుషులు అడ్డుండటంతో బంతి అతనికి కనపడి ఉండదని టీవీలో అన్నారు. అందరూ అదే నమ్మారు. నిజానికి బంతి అవతలివాడి కాలు వదిలినప్పుడే అతను చూశాడు. ముప్పై గజాల దూరం నుంచి వచ్చిన మామూలు బంతి. ఎక్కడ పడుతుందో కూడా తెలుసు. కానీ మనసు ఇంకా ముందు పడ్డ బంతి దగ్గరే ఉండిపోయింది. కాళ్ళు లేవలేదు. స్కోరు సమానంగా ఉండిపోయినా క్లబ్బు నిలిచేది. ముంచింది మొదటిది కాదు. ఈ సంగతి కోచ్‌కి చెప్పలేదు, కన్నతల్లికీ చెప్పలేదు. జనం మొదటిదాన్ని చూసి నవ్వుతుంటే ఆ నవ్వు చాటున రెండోదాన్ని దాచుకున్నాడు.

గురువు వెనక్కి తిరగలేదు.

"తెలుసు. స్టేడియంలోనే ఉన్నాను," అన్నాడు. ఆపైన అడిగాడు. "మొదటిది పడ్డాక, వలలోంచి బంతి ఎవరు తీశారు?"

"మా కెప్టెన్. నేను కింద కూర్చుండిపోయాను."

ముసలాయన మూలనున్న బంతి వైపు చూశాడు.

"నీకు ఆపడం నేర్పాను," అన్నాడు. "పడ్డ బంతిని తీసివ్వడం నేర్పలేదు. ఆ తప్పు నాది."

ఆ మాట అని నడుం వంచబోయాడు. హైఫెంగ్ గబగబా వచ్చి ఆయన్ని దాటుకుని వల లోపలికి వెళ్ళాడు. వంగి, మూలన పడి ఉన్న బంతిని రెండు చేతులా తీశాడు. చల్లగా, మట్టి మట్టిగా ఉంది. దాన్ని పట్టుకుని, గోలు పడ్డాక ఆట మళ్ళీ మొదలయ్యే చోటికి, మైదానం నడుమదాకా నడిచి వెళ్ళి, అక్కడ నేల మీద పెట్టాడు. తిరిగి అంత దూరమూ నడిచి వచ్చాడు.

గురువు కోటు తొడుక్కుని పక్కకి తప్పుకున్నాడు.

హైఫెంగ్ గీత మీద నిలబడి మోకాళ్ళు వంచాడు, చేతులు చాచాడు. ఎదురుగా ఎవరూ లేరు. ఆ బంతినే చూస్తూ అలా నిలబడ్డాడు.