అడిగి తిన్న బెల్లం

ఆట మొదలయ్యే ముందు గున్నయ్య మాస్టారి ఎదుట కుర్రాళ్లు వరుసగా నిలబడటం రాజాం కబడ్డీ మైదానంలో పాతికేళ్లకు పైగా సాగిన పద్ధతి. ఒక్కొక్కరూ వంగి ఆయన కాళ్లకు దణ్ణం పెట్టి, కుడి అరచెయ్యి చాపేవారు. శొంఠి కలిపి దంచిన బెల్లం ముక్క ఒకటి ఆయన అందులో పెట్టేవారు. వాళ్లు దాన్ని కళ్లకద్దుకుని నోట్లో వేసుకునేవారు. ఇందులో ఏముంది మాస్టారూ అని అడిగినవాడు ఒక్కడూ లేడు. తీర్థం పోసే పూజారిని ఇందులో ఏం కలిపారని ఎవరైనా అడుగుతారా? నాలుగైదేళ్ల కిందట మాస్టారు ఉన్నట్టుండి బెల్లం పెట్టడం మానేశారు. ఎందుకు మానేశారో కూడా ఎవరూ అడగలేదు. అడగకుండా ఉండటంలో ఆ మైదానానికి మంచి తర్ఫీదు ఉంది.

ఆ తర్వాత చేరినవాడు తవిటినాయుడు. ఇరవై రెండేళ్లవాడు, మంచి రైడరు. ఈ ఏడు ఒక పెద్ద లీగు జట్టు వాళ్లు అతన్ని తీసుకున్నారు. ఒప్పంద పత్రం పదకొండు పేజీలు వచ్చింది. ఊళ్లో వకీలు దాన్ని తెలుగులో విడమరిచి చెబుతుంటే అన్నింటికీ తలూపాడు గాని, ఒక్క షరతు దగ్గర అతని తల ఆగిపోయింది. ఆదివారం పొద్దున్నే ఆ కాగితాలు పట్టుకుని మాస్టారి దగ్గరికి వచ్చాడు.

“ఇదేటి న్యాయం మాస్టారూ? మన ఒంట్లో కూడని మందు దొరికితే, అది ఎవులిచ్చినా, మనకి తెలిసినా తెలీకపోయినా, బాధ్యత మనదేనంట. పోలినాయుడులాగ కావాలని మింగినోడికి శిక్ష పడిందంటే సరే. ఏటీ ఎరగనోడికి కూడానా?”

పోలినాయుడు పేరు వినగానే మాస్టారి మొహం మారింది. తవిటినాయుడు అది గమనించలేదు. ఒకప్పుడు ఆ మైదానం నుంచి లీగుకి వెళ్లిన మొదటివాడు పోలినాయుడు. దొంగమందు వాడి దొరికిపోయాడనీ, నాలుగేళ్లు ఆటలోంచి వెలివేశారనీ, ఊరి పరువు తీశాడనీ తవిటినాయుడు విన్నాడు. అంతకుమించి అతనికి తెలియదు.

“సంతకం ఎప్పుడు?” అని అడిగారు మాస్టారు.

“రేపండి.”

“అయితే బండి తియ్యి.”

బండి బస్టాండు వెనక సందులో, కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే దుకాణం ముందు ఆగింది. లోపల రాగితీగ చుడుతున్న మనిషి వీళ్లని చూసి లేచాడు. భుజాలు ఇంకా ఆటగాడివే. పొట్ట మాత్రం కూర్చుని పనిచేసేవాడిది. చేతులు కడుక్కుని వచ్చి, వంగి మాస్టారి కాళ్లకు దణ్ణం పెట్టి, కుడి అరచెయ్యి చాపాడు. అతనే పోలినాయుడు, తవిటినాయుడు ఊళ్లో చూసి ఎరిగిన మొహమే. మాస్టారు జేబులోంచి చిన్న స్టీలు డబ్బా తీసి, ఆ చేతిలో బెల్లం ముక్క పెట్టారు. తవిటినాయుడు ఆ బెల్లం గురించి వినడమే తప్ప చూడలేదు. తను మూడేళ్లుగా ఆయన చెప్పినట్టల్లా మట్టిలో పొర్లుతున్నాడు. తన చేతికి ఏనాడూ రాని బెల్లం ఇతనికా?

పోలినాయుడు దాన్ని కళ్లకద్దుకోలేదు. అరచేతిలోనే ఉంచుకుని చూశాడు.

“ఏటుంది మాస్టారూ ఇందులో?”

ఆ గొంతులో వేళాకోళం లేదు, కోపమూ లేదు. డెబ్బై ఏళ్ల గున్నయ్య మాస్టారు చేతులు కట్టుకుని, పాఠం అప్పగించే పిల్లవాడిలా చెప్పారు. “బెల్లం. శొంఠి. బెల్లం సంతలో కొన్నాను. శొంఠి మా పెరటి అల్లం ఎండబెట్టినది. నానే దంచినాను. మరేటీ కలపనేదు.”

“ఇంకెవులైనా ముట్టినారా?”

“నేదు.”

అప్పుడు పోలినాయుడు దాన్ని నోట్లో వేసుకుని, వెళ్లి మళ్లీ తీగ పట్టుకున్నాడు.

తవిటినాయుడికి ఒళ్లు మండింది. “మాస్టార్నే అనుమానిస్తావేటన్నా? నువ్వా?”

పోలినాయుడు చెయ్యి ఆపలేదు. “మోకాలి నొప్పికి నాటుమందు పొడి అని మాస్టారు చేతిలో పెట్టినప్పుడు అడగనేదు,” అన్నాడు.

మిగతాది అతను తీగ చుడుతూనే చెప్పాడు. ఆ పొడిని మాస్టారు ఎవరో నాటువైద్యుడి దగ్గర నమ్మకంగా కొని తెచ్చారు. అందులో స్టెరాయిడ్ కలిసి ఉందని ఆయనకీ తెలియదు. విచారణలో కూర్చున్నవాళ్లు మర్యాదగానే అడిగారు, తినే ముందు అందులో ఏముందో కనుక్కున్నావా అని. పోలినాయుడు ఛాతీ విరుచుకుని జవాబిచ్చాడు: మాస్టారు చేత్తో పెడితే అడుగుతామా అండీ? వాళ్లు ఆ మాటే రాసుకున్నారు. ఇచ్చింది నేను, శిక్ష నాకు వెయ్యండి అని మాస్టారు లేచి నిలబడ్డారు. మీ సంగతి వేరే చూస్తాం, ఇప్పుడు దొరికింది ఇతని ఒంట్లో కదా అన్నారు వాళ్లు. ఆ వేరే అన్నది ఈరోజు దాకా రాలేదు. పోలినాయుడి నాలుగేళ్లూ మాత్రం రోజు తప్పకుండా నడిచాయి. పోయిన వానాకాలంలో అవి పూర్తయ్యేసరికి అతనికి ముప్పై ఒకటి. ఏ జట్టూ పిలవలేదు.

చెబుతున్నంతసేపూ మాస్టారు గుమ్మం దగ్గర నిలబడే ఉన్నారు. ఒక్క ముక్క కాదనలేదు. తవిటినాయుడికి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. పొద్దున్న తను అన్న మాట ఎవరికి తగిలిందో ఇప్పుడు తెలిసింది.

బయటికొచ్చాక మాస్టారు డబ్బా మూత తీశారు. ఒక్క ముక్క మిగిలి ఉంది. తవిటినాయుడి నడుం దానంతటదే వంగింది, చెయ్యి దానంతటదే ముందుకు సాగింది. ముక్క అరచేతిలో పడింది. ప్రసాదం అందుకున్న అలవాటుకొద్దీ చెయ్యి కళ్లదాకా లేచి, అక్కడ ఆగింది. గురువుని ఆ మాట అడగటం కంటే ఏడుగురి పట్టులోంచి గీత దాకా పాకడం సులువనిపించింది. మాస్టారు తొందరపెట్టలేదు. ఎండలో అలాగే నిలబడ్డారు.

“ఏటుంది మాస్టారూ ఇందులో?” అన్నాడు చివరికి, నేల చూస్తూ.

ఆయన బెల్లం దగ్గర మొదలుపెట్టి, సంత, పెరడు, రోలు, అన్నీ మళ్లీ చెప్పారు. తవిటినాయుడు విని, తిన్నాడు. మింగాక అడిగాడు. “అయితే తప్పంతా తిన్నోడిదేనా మాస్టారూ?”

మాస్టారు ఖాళీ డబ్బాని జేబులో పెట్టుకున్నారు.

“ఆ కాగితంలో ఒక్క సంతకానికే చోటుంటాది నాయినా. రెండోది నాది. అది పెట్టడానికే నాను ఆదివారం ఆదివారం ఇక్కడికొస్తాను.”