గడ్డి చూపించే యాప్

నల్లగుట్ట వాలులో ఉండే కుందేళ్లన్నిటికీ కలిపి ఒకటే ఫోన్. ఏ రోజు పిల్లల్ని ఏ బొరియలో దాచారో అందులో రాసుకునేవి. రాసే పని బూరుగమ్మది. కొత్తది ఏది కనిపించినా తొంగిచూడందే ఆమెకు తోచదు.

ఒక పొద్దున ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. 'ఎండల్లోనూ పచ్చిగడ్డి ఎక్కడుందో చూపించే యాప్. ఉచితం. ఇక్కడ నొక్కండి.' పంపినవాళ్ల పేరు లేదు. బూరుగమ్మ నొక్కింది. మీ రాతలు చదవొచ్చా అనడిగింది యాప్. సరేనంది. మీ మాటలు వినొచ్చా అంది. దానికీ సరేనంది. యాప్ నిజంగానే వాగు అవతల గడ్డి చూపించింది. కుందేళ్లు బూరుగమ్మను తెగ మెచ్చుకున్నాయి.

మర్నాటికి ఫోన్ పెనంలా కాలసాగింది. నిండా ఉన్న చార్జింగ్ మధ్యాహ్నానికే అయిపోయింది. మూడో రోజు, పిల్లల్ని మార్చిన కొత్త బొరియ ముందు నక్క జంబయ్య కూర్చుని ఉన్నాడు! వెనక దారి ఉండబట్టి పిల్లలు తప్పించుకున్నారు.

చార్జింగ్ అయిపోయి ఆగిన ఫోన్ పట్టుకుని బూరుగమ్మ, ఫోన్లు బాగుచేసే ఏదుపంది ముళ్లయ్య దగ్గరికి పరిగెత్తింది.

"కొత్తగా ఏం వేశావమ్మాయ్?"

"గడ్డి చూపించే యాప్, మామా. రాతలు చదవొచ్చా, మాటలు వినొచ్చా అంటే సరేనన్నాను."

"గడ్డి చూపించడానికి నీ రాతలతో దానికేం పని?"

బూరుగమ్మ చెవులు వాలిపోయాయి. "అయితే నేను రాసిందల్లా..."

"ఎవడికో చేరుతోంది. పైకి గడ్డి, లోపల దొంగ. తీసేయనా?"

"ఆగు మామా. చదివేది జంబయ్యేనా? నాకు తెలియాలి."

ముందు పిల్లల్ని ఇంకోచోటికి చేర్చి, ఫోన్‌కి దూరంగా వెళ్లి తల్లుల చెవిలో మాత్రం చెప్పింది. తర్వాత ఫోన్‌కి చార్జింగ్ పెట్టి అందులో రాసింది: 'పిల్లలు ఈరోజు రేగుపొద కింది బొరియలో.' అది ముళ్లయ్య ఇల్లు. ఆయన లోపలికెళ్లి, గుమ్మం వైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

కాసేపటికే జంబయ్య లొట్టలేస్తూ వచ్చి మూతి లోపలికి దూర్చాడు. మరుక్షణం కెవ్వుమన్నాడు.

"ఇక్కడ పిల్లలున్నారని నీకెవరు చెప్పారు జంబయ్యా?" బండ మీంచి అడిగింది బూరుగమ్మ.

జంబయ్య మూతినిండా ముళ్లతో వాగు వైపు పరుగు తీశాడు.

ముళ్లయ్య నెట్ ఆపి, ఫోన్‌ని మొత్తం తుడిచేసి, కొత్త అప్‌డేట్ వేసి, పాస్‌వర్డ్ మార్పించాడు. బూరుగమ్మ పక్కనే కూర్చుని ఒక్కొక్కటీ ఎందుకో అడిగి తెలుసుకుంది. జంబయ్య మాత్రం వారం రోజులు ఏదీ నమల్లేక, వాగు నీళ్లతోనే కడుపు నింపుకున్నాడు.

నీతి: ఉచితంగా వచ్చింది ఏమిస్తుందో కాదు, ఏం అడుగుతోందో ముందు చూడాలి.