నగల పెట్టె మీది తోలు

ఆస్థాన వడ్రంగి విరూపాక్షాచారికి ఒకటే కడుపుమంట. నగల పెట్టె చేసింది తనైతే, రాజుగారు రోజూ మురిసిపోతూ నిమిరేది దానిమీద కోటలో తోలుపని చేసే సుంకులమ్మ అంటించిన తోలుని.

"ప్రభూ, ఈమె జిగురు నాసిరకం. తోలు రేపోమాపో ఊడిపోతుంది," అన్నాడు సభలో.

"అదే నిజమైతే ఇక ఈమెకు కోటలో పని లేదు," అన్నారు రాజుగారు.

సుంకులమ్మ తొణకలేదు. "ఆచారిగారినే లాగి చూపించమనండి ప్రభూ."

ఆచారి అంచు పట్టుకుని బలంకొద్దీ గుంజాడు. తోలు లేచింది. దాన్ని కరుచుకుని చెక్క కూడా పెచ్చులు పెచ్చులుగా లేచొచ్చింది.

"చూశారా, ఊడింది," అన్నాడు ఆచారి.

"నా జిగురు తోలునీ వదల్లేదు, చెక్కనీ వదల్లేదు ఆచారిగారూ," అంది సుంకులమ్మ. "మీ చెక్కే మీ చెక్కని వదిలేసింది."

ఇన్నాళ్లకు రాజుగారు ఆచారి చెక్కని చేత్తో తడిమి చూశారు.