పదకొండు అడుగుల నీడ

ఈ సంగతి నాకు మొదట చెప్పినవాడు తోట గంగనర్సు. ఒమాన్‌లో ఒక ఖర్జూరం తోటలో పన్నెండేండ్లు పనిచేసి వచ్చినవాడు, మా గురువు నీరటి మొండయ్య దగ్గర ఆ తోటలోనే ఉపదేశం తీసుకున్నవాడు. ఇప్పుడు చింతకింది లింగం ఊరూరా భజనల్లో దీన్నే ఇంకో తీరుగా చెప్తున్నాడు. లింగం ఆ దేశం మొకం చూసినవాడు కాదు. నేను రెండో తరగతి కాడనే బడి మానిన మనిషిని, కానీ విన్నదాన్ని విన్నట్టు పట్టుకుంటాను. గంగనర్సు ఏం చెప్పాడో అదే రాయిస్తున్నాను.

ఆ తోటలోనే కూలి చేసిన మొండయ్య గురువుకు ఒక అలవాటు ఉండేది. ఎవరేమి అడిగినా వాదానికి దిగడు. అడిగినవాడి చేత ముందు చాయ్ పెట్టిస్తాడు, తాగుతాడు, ఆ తర్వాత తనకు జరిగిందేదో ఒకటి చెప్పి లేచిపోతాడు. ఆ తోట కూలీల్లో ఆరేడుగురు బేస్తవారం సాయంత్రాలు ఆయన దగ్గర తత్వాలు నేర్చుకునేవారు. తెల్లవారి శుక్రవారం, సెలవు. మిగతావాళ్లు బట్టలు ఉతుక్కుని పడుకుంటే గురువు మాత్రం సద్ది కట్టుకుని ఎటో పోయేవాడు. రెండేండ్లుగా అదే వరుస. ఎటు పోతున్నదీ చెప్పడు. చెప్పని మనిషి మీద నలుగురూ నాలుగు తీర్ల అనుకున్నారు. వేరే తోటలో దొంగచాటుగా పని చేస్తున్నాడని ఒకడు, మన మాటలన్నీ అర్బాబుకు, అంటే తోట యజమానికి, మోస్తున్నాడని ఒకడు. ఇట్లాంటి మనిషి దగ్గర ఉపదేశమేంది, మానేద్దామన్న దాకా వచ్చింది. ఒక శుక్రవారం పొద్దున్నే గంగనర్సు వాకిట్లో అడ్డం నిలబడ్డాడు.

"గురువా, కోపం చేయకు. శుక్రవారమొస్తే ఎటు పోతున్నవు? పనికి పోవుడు, పండుకునుడు, ఇంతకుమించి ఈ దేశంల చూసేటందుకు ఏమున్నది? మాకు కనపడని వింతలు నీకే కనపడుతున్నయా? బెలూచీ ఆమెనెవల్నో చూసుకున్నవని సుత అంటున్నరు."

"ఆమె నోట్ల పండ్లున్నయా లేవా, అది సుత చెప్పిన్రా?" అన్నాడు గురువు. "చాయ్ పెట్టు."

తాగి ఆయన చెప్పింది ఇది. ఆయన ఆ తోటకు కొత్తగా వచ్చినప్పటి మాట.

ఆ ఊరికి గుట్టల నుంచి వచ్చే కాలువ ఒక్కటే. తోటల నీళ్ల వంతులకు గడియారం చూడరు. బయలు జాగాలో ఒక కర్ర పాతి చుట్టూ రాళ్లు పెట్టారు. కర్ర నీడ ఏ రాయిని తాకితే ఆ తోట వంతు అయిపోయినట్టు. నీడ చూసి తూము మూసేవాడు దాద్ కరీం అనే బెలూచీ ముసలాయన. తాతల నాటి నుంచి ఆ పని ఆ ఇంటిదే. మొండయ్య కూడా నీరటోళ్ల ఇంట పుట్టినవాడు. మన దగ్గర చెరువు నీళ్లు వంతు తప్పకుండా మడులకు పంచేది వాళ్లే కదా. అందుకే ఇంకొకని కర్రను, ఇంకొకని రాయిని నమ్మబుద్ధి కాలేదు. తండ్రి నేర్పిన కొలత ఆయనకు ఉంది. ఎండలో నిటారుగా నిలబడి, తల నీడ పడ్డ చోటు గురుతు పెట్టుకుని, అడుగుకు అడుగు ఆనించి అక్కడిదాకా లెక్కపెట్టాలి. మొదటి వంతు నాడే, తూము మూసిన గడియకు కొలిచాడు. పదకొండు అడుగులు. లింగం పన్నెండు అంటాడు, అది తప్పు.

కొన్నాళ్లకు తోటలో ఒకరిని తేలు కుట్టింది. అర్బాబు అందరికీ గమ్‌బూట్లు తెప్పించాడు. మొండయ్యకు వచ్చిన జత పెద్దది, ముందట గుడ్డలు కుక్కి వేసుకున్నాడు. తర్వాతి వంతుకు నీడ కొలిస్తే తొమ్మిదే వచ్చింది. ఆ తర్వాతి వంతుకూ తొమ్మిదే. పొద్దు వాలేకొద్దీ నీడ పెరుగుతుంది, అడుగులు తగ్గాయంటే తూము ముందే మూసినట్టు.

నీళ్లు పంచేవాడే నీళ్లు మింగుతున్నాడని మొండయ్య మనసులో గట్టి చేసుకున్నాడు. ముసలాయన దగ్గితే పక్క తోటవానికి సైగ అనుకున్నాడు. సలాం చెప్తే దొంగ వినయం అనుకున్నాడు. ఒకనాడు నాలుగు నిమ్మకాయలు చేతిలో పెడితే, నోరు మూయించడానికే అని కాలువలో పారేశాడు. ఖర్జూరం మొదళ్ల చాటున నక్కి చూశాడు. ఏమీ దొరకలేదు. ఏమీ దొరకలేదంటే ఎంత ఆరితేరినవాడో అనుకున్నాడు. చివరికి అర్బాబు ముందర అనేశాడు, "మీ నీళ్ల పెద్దమనిషి మన తోటకు రెండడుగుల పొద్దు తక్కువ ఇస్తుండు" అని.

మాట ఊరి పెద్దలకు పోయింది. వంతు తప్పించాడని తేలితే ఆ ఇంటికి ఆ పని ఉండదు. దాద్ కరీంకు పొలం లేదు, కొడుకుల్లేరు. ఊళ్లో ఆయనకు ఉన్నదంతా ఆ కర్ర పక్కన నిలబడే జాగానే.

వంతు నాడు పొద్దు వాలాక పెద్దలు కర్ర పక్కన చాప పరిచి కూర్చున్నారు. ఆ ఊళ్లో నింద పడ్డవాడే నింద వేసినవానికి ముందు కహ్వా, అంటే అక్కడి కాఫీ, పోయాలి. అది తాగేదాకా తగువు మాట ఎత్తకూడదు. మొండయ్య బూట్లు విప్పి చాప మీద కూర్చున్నాడు. పోసేటప్పుడు ముసలాయన గిన్నె మీది నుంచి చూపు ఎత్తలేదు. తప్పు చేసినవాడు గనుకనే మొకం చాటేస్తున్నాడనుకున్నాడు మొండయ్య. ఇంతలో నీడ రాయిని తాకింది. దాద్ కరీం తూము మూసి వచ్చి, "కొలుచుకో భాయ్" అన్నాడు.

మొండయ్య లేచి ఇసుకలో నిలబడి కొలిచాడు. పదకొండు. లెక్క తప్పానేమో అని మళ్లీ కొలిచాడు. పదకొండే. తిరిగి చూస్తే చాప అంచున బూట్లు రెండూ, ఇంకెవరిదో కాళ్లు అక్కడ విడిచిపోయినట్టు నిలబడి ఉన్నాయట.

"ఏం తేలింది?" అని పెద్దలు అడిగారు.

"తప్పు నాదే" అన్నాడు మొండయ్య.

ఎట్లా అని ఎవరూ అడగలేదు. కహ్వా తాగినవాడు తప్పు ఒప్పుకుంటే కారణం తవ్వరట అక్కడ. అడగనందుకు ఆయన లోపల సంతోషపడ్డాడు. నీరటోళ్ల ఇంట పుట్టి, పాదం కన్నా పొడుగు బూటుతో నీడ కొలిచానని ఏ నోటితో చెప్పుకుంటాడు?

పెద్దలు లేచిపోయాక దాద్ కరీం ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "కండ్లకు మసకలు వస్తున్నయి భాయ్. నీడ అంచు సాఫ్‌గ అవుపడ్తలేదు. ఎవ్వలకు చెప్పలే. తప్పు నాదేనని నాకు ఎరుకే. పరాయి దేశపోనివి, నీ నెత్తిన ఏసుకున్నవు." ఆ వంతు నుంచి ఆయన అల్లుణ్ణి పక్కన నిలబెట్టుకున్నాడు. తాకిందా అని వాణ్ణి అడిగి గాని తూము మీద చెయ్యి వేయడు.

అది చూసి తట్టుకోలేక మొండయ్య ఆ శుక్రవారమే బయలుదేరాడు. నీ కండ్లు మంచిగనే ఉన్నయి, చెడ్డది నా బూటు అని చెప్పి రావాలి, అంతే పని. కానీ తన పేరు నిలబెట్టిన మనిషి వచ్చాడని ముసలాయన నోరు తెరవనివ్వలేదు. చెయ్యి పట్టుకుని గుట్ట దాకా నడిపించి, కాలువ పుట్టే సొరంగంలో నడుములోతు నీళ్లలోకి దింపాడు. చిన్న చేపలు వచ్చి పాదాలు కొరికితే మొండయ్య కేకలు పెట్టాడట. పై శుక్రవారం కాలువ వాగుకు అడ్డం వచ్చే చోటికి తీసుకుపోయాడు. నీళ్లు వాగు కిందికి దిగి, అవతలి ఒడ్డున తమంతట తామే పైకి లేస్తున్నాయి. నీరటోళ్ల ఇంట పుట్టినవాడు అది చూసి పొద్దంతా అక్కడే కూర్చున్నాడు, దీంట్లో ఏదో మోసం ఉందని. ఇంకో శుక్రవారం ఇంటికే తీసుకుపోతే, నోట్లో ఒక్క పన్ను లేని ముసలామె, ఆయన భార్య, రొట్టె కాల్చి పెట్టింది. చెప్పే మాట పక్కన పెట్టి ఇంకో రొట్టె అడిగి తిన్నాడు.

గంగనర్సు ఖాళీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. "మరి చెప్పినవా గురువా?"

గురువు సద్ది మూట భుజానికి తగిలించుకున్నాడు. "చెప్దామనే పోత. రెండేండ్ల సంది చూసి వచ్చుడే అయితున్నది."

గంగనర్సు నాకు చెప్పింది ఇంతవరకే. గురువు ఇంటికి తిరిగొచ్చిన మూడో నెలలో చనిపోయాడు. చివరికి చెప్పాడో లేదో ఎవరికీ తెలియదు. లింగం మాత్రం, గురువు నీళ్ల దొంగను పట్టి పెద్దమనసుతో వదిలేశాడని తాళం కొట్టి మరీ పాడుతున్నాడు. దాద్ కరీం దొంగ కాడు. లింగం సంగతి నేను చూసుకుంటాను. మీలో ఎవరైనా ఆ గుట్టల దిక్కు పనికి పోయేవాళ్లుంటే, అడిగి ఆ ఇంటికి పోండి. ముసలాయన ఉంటే ఆయనకు, లేకుంటే అల్లునికి, ఆ కండ్లు ఒక్కనాడూ తప్పలేదని చెప్పి రండి.