అంగడివీధిలో లోపలి మనిషి

"రేపు సభ ముగిసేలోగా ఆ లోపలి మనిషి ఎవరో తేలాలి. తేలకపోతే నాగమ్మ కోట దాటి పోవలసిందే!" అని పొన్నగిరి రాజు వీరభూపతి ఆజ్ఞ వేశాడు.

సింహాసనం వెనక నిలబడి తాటాకు విసనకర్ర విసురుతున్న నాగమ్మ చేతులు ఆ మాటకు ఆగిపోయాయి. నల్లజుట్టు నాటినుంచి తెల్లజుట్టు దాకా ఆమె ఆ కోట తప్ప మరో నీడ ఎరగదు.

సంగతేమిటంటే, కొన్నాళ్లుగా అంగడివీధి మండపం స్తంభానికి రోజూ తెల్లారేసరికి లక్కతో అతికించిన తాటాకు చుట్ట ఒకటి వేలాడుతోంది. ముందు వచ్చినవాడు లక్క పగలగొట్టి చదివేవాడు. ఉండేది ఒక్క ముక్కే. "తూర్పు దీపంలో నూనె తగ్గింది" అని ఒకరోజు. "రెండు కాకులు ఒకే కొమ్మ మీద వాలాయి" అని మరోరోజు. కింద "లోపలి మనిషి" అని సంతకం. అంతే, ఊరికి పని దొరికింది.

నూనె తగ్గిందంటే సేనాపతికి ఉద్వాసనే అన్నారు బెల్లం కొట్టు దగ్గర. కాదు కాదు, ఖజానా ఖాళీ అన్నారు మజ్జిగ దుకాణం దగ్గర. పాపం సేనాపతి ఆ మాట విని బెంగతో అన్నం మానేశాడు. "చూశారా, చిక్కిపోయాడు. నిజమే అన్నమాట!" అని జనం తలలూపారు.

ఈ తాటాకులకు అర్థం చెప్పడంలో ఆస్థానకవి చిత్రభానుడిని మించినవాడు లేడు. ఆయన సభలో కావ్యం చదివితే అందరికీ ఆవులింతలు వచ్చేవి. అదే మండపంలో తాటాకు గుట్టు విప్పితే కాలు పెట్టే చోటుండేది కాదు. చెప్పింది జరిగితే "నేను చెప్పలేదూ?" అనేవాడు. జరక్కపోతే "నేను బయటపెట్టాననే ఆపేశారు" అనేవాడు. ఎటు తిరిగినా శాలువా ఆయనకే.

నాగమ్మ మీద వేలు చూపిందీ ఆయనే.

"ప్రభూ, సింహాసనం వెనక నిలబడి అన్నీ వినేది ఇంకెవరు?"

"దానికి అక్షరం ముక్క రాదే!" అన్నాడు రాజు.

"రాయడం రాకపోతేనేం, చెప్పడానికి నోరుంది కదా!"

పక్కనే తాంబూలం పెట్టె పట్టుకుని నిలబడ్డ బొల్లనకు రాజు ఆజ్ఞ వినగానే కవి మీద ఒళ్లుమండింది. తల్లి లేని తనకు ఇంత ముద్ద పెట్టి పెంచింది నాగమ్మే. పైగా అతను ఒకటి కనిపెట్టాడు. ఎవరైనా ఆ తాటాకు రాతను మెచ్చుకుంటే చాలు, కవిగారి ముఖం మతాబులా వెలిగేది. ఎవడి బిడ్డను ముద్దు చేస్తే వాడి ముఖమే కదా వెలిగేది!

"ప్రభూ, రేపటి తాటాకు నేను తెచ్చి సభలో చదువుతాను. ఆ తరవాత మీ చిత్తం" అన్నాడు బొల్లన.

మర్నాడు సభ కిటకిటలాడింది. బొల్లన మొలలోంచి ఒక తాటాకు తీసి, గొంతు సవరించుకుని చదివాడు.

"చింతకాయ పుల్లన, బెల్లం తియ్యన. ఇట్లు, లోపలి మనిషి."



"పాపం, సరుకు అయిపోయినట్టుంది" అన్నాడు మంత్రి.

"మా వంటవాడు ఇంతకన్నా నయం!" అని సేనాపతి చాలా రోజుల తరవాత పకపకా నవ్వాడు.

బొల్లన ఇంకాస్త ఉప్పు జల్లాడు. "మొదటినుంచీ వాడు ఉత్త మొద్దే ప్రభూ! కవిగారు అర్థాలు చెప్పి నెట్టుకొచ్చారు గానీ, వాడి రాతలో చేవ ఎక్కడుంది?"

చిత్రభానుడి చెవులు ఎర్రబడ్డాయి. "నోరు ముయ్యరా! లోపలి మనిషి అంత ముతకగా రాయడు."

"రాశాడే! నా చేతిలోనే ఉంది."

"అది దొంగ తాటాకు! ఇవాళ్టిది 'వెన్నెల కుండలో పాము నిద్రపోయింది' అని! ఎంత గంభీరంగా ఉంది! దానికీ దీనికీ పోలికా?"

"అలాగా! తమరెక్కడ చదివారు కవిగారూ?"

"మండపం దగ్గరే! పొద్దున అందరితో పాటే చదివాను!"

బొల్లన తాపీగా తాంబూలం పెట్టె తెరిచాడు. తమలపాకుల అడుగునుంచి ఇంకో తాటాకు చుట్ట తీసి రాజు చేతిలో పెట్టాడు. దాని లక్క చెక్కు చెదరలేదు.

"ఇందాకటిది నేను రాసుకొచ్చింది. కోడి కూయకముందే స్తంభం నుంచి దీన్ని విప్పుకొచ్చాను ప్రభూ. ఊళ్లో ఎవరూ చదవలేదు, నేనూ చదవలేదు. లక్క పగలకుండా చదివిన మహానుభావులు కవిగారొక్కరే!"

రాజు లక్క పగలగొట్టి చూశాడు. వెన్నెల, కుండ, పాము, అన్నీ ఉన్నాయి. సభ గొల్లుమంది.

"ఎందుకు చేశావయ్యా?" అన్నాడు రాజు.

"పేరు పెట్టి చదివితే ఎవరూ వినలేదు ప్రభూ. పేరు దాచి రాస్తే ఊరంతా విన్నది" అని కవి తల దించుకున్నాడు.

"అసలు లోపలి సంగతి ఒక్కటైనా తెలుసా?"

"ఒక్కటీ తెలియదు. నోటికొచ్చింది రాశాను. మిగతాదంతా జనమే అల్లుకున్నారు."

"అయితే రేపటినుంచి అదే స్తంభానికి ఉప్పు ధర, పప్పు ధర రాసి, కింద నీ పేరు పెట్టు. దానికి గూఢార్థం చెప్పావో, ఊరుకోను!"

రాజు తన మెడలోని ముత్యాల హారం తీసి బొల్లన మెడలో వేశాడు. తరవాత కొంచెం సిగ్గుపడుతూ వెనక్కి తిరిగాడు. "నాగమ్మా, నిన్ను ఊరికే బాధపెట్టాను. నిజం చెప్పు, ఇన్నేళ్లలో నా వెనక నిలబడి విన్న రహస్యం ఏదైనా ఉందా?"

నాగమ్మ అటూ ఇటూ చూసింది.

"ఒక్కటుంది దొరా. కవిగారు కావ్యం చదివినప్పుడల్లా తమరు గురక పెడతారు. అది సభకు వినపడకుండా ఈ విసనకర్ర టపటపలాడిస్తా వస్తన్నాను. ఇయ్యాల్టి దాకా ఎవరికీ చెప్పలేదు!"

రాజు కిరీటం జారేలా నవ్వాడు. కవిగారికి కూడా నవ్వాగలేదు. ఆ నవ్వుల మధ్యే రాజు తన చేతి బంగారు కంకణం తీసి నాగమ్మ చేతికి తొడిగాడు.